పాశ్చాత్య విద్యయు, ఇంటి సంప్రదాయమును: జపాను చరిత్ర నేర్పు పాఠము

కడచిన యేటి బహుమతి ప్రదానోత్సవము ముగిసిన పిమ్మట, మా తరగతిలోని యొక బాలిక యొక్క నాయనమ్మ మాయొద్దకు వచ్చెను. మనుమరాలు బహుమానముగ పొందిన పుస్తకము ఆమె చేతిలో నుండెను. అది మొక్కలను గూర్చి ఆంగ్లభాషలో వ్రాయబడిన గ్రంథము. ఆమె యా పుటలను అటునిటు త్రిప్పి, “పంతులుగారూ, పిల్ల చదువుకొంటున్నదని మాకు సంతోషమే. గాని యీ చదువంతా అయ్యేటప్పటికి అది మా పిల్లగానే మిగులుతుందా?” అని యడిగెను. మేము అప్పటికి ఏదో యొక మంచిమాట చెప్పి సాగనంపితిమి. అది సమాధానము కాదని మాకప్పుడే తెలియును.

విద్యార్థులారా, ఆ వృద్ధురాలి ప్రశ్న ఆమె యొక్కతెదే కాదు. పాశ్చాత్యుల విద్య, వారి యంత్రములు, వారి వేషభాషలు తమ తీరములకు చేరిన నాటినుండి ఆసియాఖండములోని జాతులన్నియు తమ్ముతా మడుగుకొనిన ప్రశ్న యిదియే. క్రొత్తదానిని గ్రహింపకున్న బ్రదుకుట కష్టము. గ్రహించిన పిమ్మట మనము మనముగ నుందుమా? ఈ ప్రశ్నను ఊరక తలపోయుటకంటె, దానిని నిజముగ నెదుర్కొనిన యొక దేశపు చరిత్రను పరిశీలించుట మేలని మాకు తోచినది. అందుకై జపాను దేశమును ఎన్నుకొంటిమి. ఏలయన, ఇతర దేశములలో అనేక తరములు పట్టిన మార్పు అచ్చట ఒక మనుష్యుని జీవితకాలములోనే జరిగెను. అందులో అనుసరింపదగినదియు గలదు. చూచి భయపడదగినదియు గలదు.

1. తలుపులు తెఱచిన దినములు

జపానును పాలించిన తొకుగావా వంశమువారు 17వ శతాబ్దిలో విదేశీయుల రాకపోకలను మిక్కిలి కట్టుదిట్టము చేసిరి. యూరపు జాతులలో డచ్చివారు మాత్రము నాగసాకి రేవునందలి దెజిమా యను చిన్నదీవిలో వర్తకము చేసికొనవచ్చును. ఆ సన్నని సందుగుండ వచ్చిన గ్రంథములను చదివి కొందఱు జపాను పండితులు వైద్యమును, శరీరశాస్త్రమును నేర్చుకొనుచుండిరి. 1853వ సంవత్సరమున అమెరికా నౌకాధిపతి పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో వచ్చి తలుపు తట్టెను. 1858లో అమెరికా, బ్రిటను మొదలగు రాజ్యములతో ఒడంబడికలు జరిగెను. వానిప్రకారము జపానులో నేరము చేసిన పాశ్చాత్యుని జపాను న్యాయాధిపతి విచారింపరాదు; దిగుమతి సుంకమును జపాను తన యిష్టానుసారముగ నిర్ణయింపరాదు. స్వదేశములో తామే రెండవవారైన యీ యవమానమును జపానువారు మఱవలేదు.

1868లో తొకుగావా ప్రభుత్వము కూలెను. పదునైదేండ్ల ప్రాయముగల చక్రవర్తి పేర క్రొత్త ప్రభుత్వ మేర్పడెను. ఆ కాలమునకు మెయిజీ యుగమని పేరు. పొరుగుననున్న చీనా మహాసామ్రాజ్యము 1842లోను, 1860లోను పాశ్చాత్యుల ఫిరంగుల కోడిపోవుటను వారు చూచియుండిరి. కావున జపానువారు పాశ్చాత్య విద్యను కోరినది ముచ్చటకై కాదు, ఆత్మరక్షణకై.

ఆ కాలమున ఒక సూత్రము ప్రచారమునకు వచ్చెను: “జపాను ఆత్మ, పాశ్చాత్య విద్య.” చీనాలోను, కొరియాలోను ఇట్టి సూత్రములే పుట్టెను. యంత్రము వారిది, హృదయము మనది యని దీని భావము. వినుటకిది చక్కగ నున్నది. అయిన నొక చిక్కు గలదు. ఇంతకుపూర్వము జపానులో “జపాను ఆత్మ, చీనా విద్య” యను వేఱొక సూత్రముండెను. జపానువారి లిపి చీనానుండి వచ్చినదే. వారి బౌద్ధమతము మన దేశమున పుట్టి, చీనా కొరియాల మీదుగ 6వ శతాబ్దిలో వారిని చేరినదే. 752వ సంవత్సరమున నారా పట్టణములోని మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము చేసినవాడు భారతదేశమునుండి వెళ్లిన బోధిసేను డను భిక్షువు. అనగా, మెయిజీ కాలమువారు “మనది” యని కాపాడగోరినదానిలో పెద్దభాగము ఒకప్పుడు పరులదే. మనది, పరులది యను హద్దు మనము తలచినంత స్థిరమైనది కాదని దీనివలన తెలియుచున్నది.

2. రాయబారుల ప్రయాణము

1871 డిసెంబరు 23వ తేదిన యొకోహామా రేవునుండి ఒక ఓడ బయలుదేరెను. ఇవాకురా తొమొమి యను ప్రముఖుని నాయకత్వమున రాయబారులు, ఉద్యోగులు, విద్యార్థులు కలిసి నూర్గురికిపైగ అందుండిరి. క్రొత్త ప్రభుత్వపు ముఖ్యులలో పలువురు తమ రాజ్యము నింకను కుదుటపఱుపకయే, లోకమును చూచివచ్చుటకై వెళ్లిరి. అమెరికాను, యూరపులోని పదునొకండు దేశములను దర్శించి, సింహళము, సింగపూరుల మీదుగ 1873 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. పాఠశాలలు, కర్మాగారములు, చెఱసాలలు, శాసనసభలు, వస్తుప్రదర్శనశాలలు అన్నిటిని చూచిరి. వారితో వెళ్లిన కుమె కునితాకె యను విద్వాంసుడు ఆ యాత్రావృత్తాంతమును 1878లో అయిదు సంపుటములుగ ప్రకటించెను.

ఈ యాత్రలో తీయబడిన యొక ఛాయాచిత్రము ప్రసిద్ధమైనది. అందు నడుమ కూర్చున్న ఇవాకురా జపాను అంగరక్షను, తలపై సిగను ధరించియున్నాడు. కాళ్లకు మాత్రము పాశ్చాత్యుల తోలుజోళ్లు! ప్రక్కన పొడవైన పట్టుటోపి. కొలది వారములలోనే, చికాగో నగరమున, ఆయన సిగ కత్తిరింపబడెను. ఆ చిత్రమును చూచి నవ్వుట సులభము. కాని నేటికిని మనలో ననేకులము అట్టి చిత్రములమే కదా! తల యొక కాలమందు, కాళ్లు వేఱొక కాలమందు నుంచి నడచుచున్నాము.

ఇంతలో స్వదేశమున మార్పులు వరదవలె వచ్చెను. 1872లో టోకియో, యొకోహామాల నడుమ మొదటి రైలు నడచెను. ఆ సంవత్సరమే బాలబాలికలందఱు పాఠశాలకు పోవలెనను శాసనము వెలువడెను. చాంద్రమాన పంచాంగమును తొలగించి, పండ్రెండవ నెలలో 3వ దినమును 1873 జనవరి 1వ తేదిగ ప్రకటించిరి; కావున ఆ నెలకు రెండే దినములు! రానున్న చాంద్రసంవత్సరములో అధికమాస ముండుటచే, పదుమూడు నెలల జీతము తప్పించుకొనుటయు ప్రభుత్వమువారి యుద్దేశములలో నొకటి. లోకములోని గొప్ప మార్పులకు వెనుక నొక్కొక్కప్పుడు ఇట్టి చిన్న లెక్కలుండును. పల్లెలలో మాత్రము పండుగలు చిరకాలము పాత తిథులనే జరుగుచు వచ్చెను.

3. పైన తొడిగికొన్నదియు, లోన జీర్ణమైనదియు

పరులనుండి తెచ్చుకొన్నదానిని మనము రెండు విధములుగ నుపయోగింతుము. కొన్నిటిని పైన తొడిగికొందుము. కొన్నిటిని అన్నమువలె జీర్ణించుకొందుము. జపాను చరిత్రలో రెంటికిని నిదర్శనములు గలవు.

మొదటిదానికి నిదర్శనము రొకుమెయికాన్ అను భవనము. 1883లో టోకియో నగరమున ఆంగ్లశిల్పి జొసయా కాండర్ దీనిని కట్టెను. జపాను మంత్రులు తమ భార్యలతో కూడ పాశ్చాత్య వస్త్రములు ధరించి, పాశ్చాత్య వాద్యములకు అనుగుణముగ నచ్చట నృత్యము చేయుచుండిరి. తాము నాగరికులమని విదేశీయులు మెచ్చి, ఆ యవమానకరమైన ఒడంబడికలను సవరింతురని వారి యాశ. ఫలితమేమి? అచ్చటికి అతిథిగ వచ్చిన ఫ్రెంచి రచయిత పియెర్ లోతి, ఆ భవనమును తన దేశములో వేడినీటి బుగ్గలుగల యొక యూరి జూదశాలకు పోల్చి పరిహసించెను. 1887లో సంధి ప్రయత్నములు విఫలమై విదేశాంగమంత్రి రాజీనామా చేసెను. ఒడంబడికలను మార్చినది నృత్యము కాదు. రాజ్యాంగము, న్యాయస్థానములు, ధర్మశాస్త్రములు సిద్ధమగుచుండగా, 1894లో బ్రిటను సవరణకు సమ్మతించెను. సుంకములపై పూర్తి స్వాతంత్ర్యము 1911లో లభించెను.

రెండవదానికి నిదర్శనములు చిన్నవి, కాని రుచియైనవి. పూర్వము జపానువారు రొట్టె నెక్కువగ నెఱుగరు. 1874లో టోకియోలోని యొక రొట్టెల దుకాణదారుడు పాశ్చాత్యుల పులియబెట్టు పద్ధతికి బదులు తమ బియ్యపు మద్యమునకు వాడు పులుపుతో పిండిని పొంగించి, లోపల తమకిష్టమైన తీపి చిక్కుడుగింజల ముద్దను పెట్టి కాల్చెను. మరుసటి యేట అది చక్రవర్తికి సమర్పింపబడెను. నేటికిని జపాను పిల్లలు దానిని తినుచున్నారు. అది పాశ్చాత్య భక్ష్యమని యెవరును తలపరు.

మాటలలోను ఇట్లే జరిగెను. పాశ్చాత్య శాస్త్రములలోని భావములకు జపాను భాషలో పదములు లేకుండెను. నిషి అమానె మొదలగు పండితులు చీనా అక్షరములను కూర్చి “తత్త్వశాస్త్రము” మొదలుగాగల క్రొత్త మాటలు కల్పించిరి. వానిలో పెక్కింటిని తరువాత చీనా, కొరియా దేశములు సైతము గ్రహించెను. మన పండితులు సంస్కృతధాతువులనుండి భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, ప్రజాస్వామ్యము అను మాటలు కల్పించినట్లే యిదియు. పాతభాష క్రొత్తభావమునకు చోటిచ్చిన, రెండును బ్రదుకును.

ఈ సందర్భమున ఫుకుజావా యూకిచి యను విద్యాగురువు చెప్పిన యొక ముచ్చట గలదు. సభలో నిలిచి ఉపన్యసించుట జపానులో పూర్వము వాడుక లేదు. 1874 ప్రాంతమున కొందఱు విద్వాంసులు కూడియుండగా, జపాను భాష ఉపన్యాసమునకు పనికిరాదని మోరీ అరినోరి మొదలగువారు వాదించిరి. ఈ మోరీయే అంతకు కొంతకాలము క్రిందట ఆంగ్లమును దేశభాషగ చేసికొనవలెనని సూచించినవాడు. ఫుకుజావా ప్రతివాదము చేయక, అప్పటి రాజకీయ విషయమైన ఫార్మోజా దండయాత్రనుగూర్చి చాలసేపు అనర్గళముగ మాటలాడి, “నే చెప్పినది మీకు తెలిసినదా?” యని యడిగెను. అందఱును తెలిసినదనిరి. “అయిన నిదియే ఉపన్యాసము గాదా?” అని ఆయన ముగించెను. 1875లో తన పాఠశాలయందు ఉపన్యాసములకై యొక మందిరమునే కట్టించెను. మన భాషలో ఇది చెప్పుట యసాధ్యమని పలుకువారు తఱచుగ చెప్పి చూడనివారే.

4. నూట యిరువదిమంది చీనా బాలురు

పోల్చి చూచుటకు చీనా దేశమువారు అదే కాలమున చేసిన ప్రయత్నమును తెలిసికొనవలెను. 1872 మొదలు 1875 వఱకు ఏటికి ముప్పదిమంది చొప్పున నూట యిరువదిమంది బాలురను చీనా ప్రభుత్వము అమెరికాకు పంపెను. అమెరికాలో చదివిన చీనావాడైన యుంగ్ వింగ్ దీనికి మూలపురుషుడు. బాలురు అక్కడి కుటుంబములలో నివసించుచు, తమ ప్రాచీన గ్రంథములను సైతము తప్పక చదువవలెనని నిబంధన యుండెను. కాని బాలురు బంతియాటలలో దిట్టలైరి. కొందఱు జడలు కత్తిరించుకొనిరి. కొందఱు క్రైస్తవ దేవాలయములకు పోవుచుండిరి. పైవిచారణకర్తలు భయపడిరి. 1881లో ప్రభుత్వము అందఱిని వెనుకకు పిలిపించెను. అప్పటికి కళాశాల విద్యను ముగించినవారు ఇద్దఱే.

వారిలో నొకడగు జాన్ తియెన్యూ రైలుమార్గ నిర్మాణశాస్త్రము చదివినవాడు. అతనిని మొదట నౌకావిద్యకై పంపిరి. కొన్ని సంవత్సరములు అతని విద్య నిరుపయోగమయ్యెను. తుదకు 1905 మొదలు 1909 వఱకు పెకింగునుండి కాల్గాను వఱకు కొండలగుండ రైలుమార్గమును, విదేశీ యింజనీరుల సహాయము లేకయే, అతడు నిర్మించెను. పరదేశమున చెడిపోయెనని అనుమానింపబడినవాడే స్వదేశపు గౌరవమును నిలిపెను. పెద్దల భయము నిష్కారణమని మేమనము. పరదేశమున పెరిగిన పిల్లలు మారుట నిజమే. కాని మారినవారిని దూరము చేసికొనుటవలన దేశమునకే నష్టము కలిగెను.

5. భాషను మఱచిన బాలిక

ఇవాకురాతో బయలుదేరిన యా యోడలోనే అయిదుగురు బాలికలుండిరి. పదేండ్లు అమెరికాలో చదివి రమ్మని ప్రభుత్వము వారిని పంపెను. వారందఱు యుద్ధములో నోడిన తొకుగావా పక్షపు కుటుంబముల పిల్లలు. అందఱిలో చిన్నది త్సుదా ఉమె. ఆమెకు ఏడేండ్లైనను నిండలేదు. పెద్దవారిద్దఱు త్వరలోనే వెనుకకు వచ్చిరి. మువ్వురు నిలిచిరి. వారిలో యమకావా సుతెమత్సు వాసర్ కళాశాలలో 1882లో పట్టము పొందెను. కళాశాల పట్టము పొందిన మొదటి జపాను స్త్రీ ఆమెయే.

ఉమె వాషింగ్టను నగరమున సంతానములేని లాన్మన్ దంపతుల యింట పెరిగెను. చిన్నతనముననే తన కోరికపై బాప్తిస్మము పొందెను. 1882లో స్వదేశమునకు వచ్చునప్పటికి ఆమెకు పదునేడు సంవత్సరములు. జపాను భాష పూర్తిగ మఱచియుండెను. కన్నతల్లితో స్వయముగ సంభాషింపలేకపోయెను! మన యవ్వ భయపడినది దీనికే గదా. పంపిన ప్రభుత్వమో, తిరిగివచ్చిన స్త్రీలకు ఏ పని నీయవలెనో యేర్పాటైనను చేసి యుండలేదు. అన్న లేదు, పని లేదు, మాట లేదు అన్నట్లుండెను ఆమె స్థితి.

ఆమె ఏమి చేసెను? రెండు తేలిక మార్గములుండెను: అమెరికాకు తిరిగిపోయి యచ్చటనే యుండుట, లేదా నేర్చినదంతయు మూటగట్టి మూలనుంచుట. రెంటిని ఆమె చేయలేదు. చిన్నపిల్లవలె జపాను భాషను మరల నేర్చుకొనెను. 1885 నుండి ప్రభువంశపు బాలికల పాఠశాలలో బోధించెను. 1889లో మరల అమెరికాకు వెళ్లి బ్రిన్‌మార్ కళాశాలలో జీవశాస్త్రము చదివెను. కప్పగ్రుడ్లనుగూర్చి ఆచార్య మోర్గనుతో కలిసి చేసిన పరిశోధన 1894లో ప్రకటింపబడెను. అచ్చటనే యుండిన ఆమెకు శాస్త్రజ్ఞురాలుగ కీర్తి రాదగియుండెను. అయినను వెనుకకు వచ్చి, 1900లో టోకియోలో పదిమంది విద్యార్థినులతో స్త్రీలకు ఉన్నతవిద్య గఱపు పాఠశాలను స్థాపించెను. ప్రారంభదినమున ఆమె వారికి చెప్పినది రెండు మాటలు: ఆంగ్లపాండిత్య మొక్కటియే చాలదు, అన్నివిధముల పరిపూర్ణులైన స్త్రీలు కావలెను, నడవడియందు వినయము విడువరాదు. ఆమె లాన్మన్ అమ్మగారికి వ్రాసిన వందలకొలది ఉత్తరములు 1984లో ఆ కళాశాల అటకమీద దొరకెను. ఆమె 1929లో మరణించెను. 2024లో జపాను ప్రభుత్వము విడుదల చేసిన అయిదువేల యెన్ల నోటుపై ఆమె ముఖచిత్రమున్నది. తల్లితో మాటలాడలేకపోయిన పిల్ల, దేశమందలి ఇంటింటికిని పరిచితురాలయ్యెను.

6. ప్రశ్నింపరానిదైన సంప్రదాయము

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి జపానువారు తూకము చక్కగ నిలిపిరని తోచును. కాని పాఠములోని కఠినభాగ మిక నున్నది.

పాశ్చాత్యానుకరణము మితిమీరినదని భయపడిన పెద్దలు, 1890 అక్టోబరు 30వ తేదిన చక్రవర్తి పేర విద్యాశాసనమును ప్రకటింపజేసిరి. అది 315 అక్షరములు మాత్రమే. తల్లిదండ్రులయందు భక్తి, సోదరులయందు ప్రేమ, మిత్రులయందు విశ్వాసము: ఇవన్నియు మంచివే. వీని కొనయందు, ఆపత్కాలమున రాజ్యమునకు ధైర్యముతో ఆత్మార్పణము చేయవలెనని యుండెను. ఆ శాసనపత్రమును, చక్రవర్తి చిత్రపటమును ప్రతి పాఠశాలలో పూజ్యవస్తువులవలె భద్రపఱచి, దాని యెదుట శిరస్సు వంచవలెనని నియమించిరి.

1891 జనవరి 9వ తేదిన టోకియోలోని యొక ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడైన ఉచిమురా కాన్జో యను క్రైస్తవుడు, ఆ పత్రము నెదుట తగినంతగ వంగలేదని గొప్ప అలజడి పుట్టెను. అతడు దేశద్రోహి కాడు. దేశమునందు అతనికిగల ప్రేమ అతని రచనలన్నిటను కానవచ్చుచున్నది. దేవునికి మాత్రమే చెల్లదగిన వందనమును కాగితమున కర్పింప నతని మనస్సాక్షి వెనుదీసెను. ఉద్యోగము పోయెను. ఆ దినములలోనే అతడు జబ్బుపడెను. అతనికి పరిచర్య చేసిన భార్య ఆ వసంతమున మరణించెను. ఆ తరువాత అతడు మిషనరీల ధనముమీదను, వారి సంఘవిధులమీదను ఆధారపడని యొక క్రైస్తవ పద్ధతిని స్వదేశీయులకై నిర్మించెను. పాశ్చాత్యులనుండి విశ్వాసమును పొందియు, వారి యాచారములను కన్నులు మూసికొని స్వీకరింపలేదు. స్వదేశమును ప్రేమించియు, దాని యాజ్ఞలను కన్నులు మూసికొని పాటింపలేదు. మిషను పాఠశాలలో పనిచేయు మా వంటివారు ఈ రెండు భాగములను సమానముగ తలంపవలెను.

గమనింపుడు: సనాతనమని చెప్పబడిన ఆ చక్రవర్త్యారాధన నిజముగ సనాతనమా? తొకుగావా కాలమున సామాన్య ప్రజలకు క్యోటోలోని చక్రవర్తి సంగతి అంతగా తెలియనే తెలియదు. పాఠశాలలలో పటముల పూజ మెయిజీ కాలమున నేర్పఱుపబడినదే. టోకియో విశ్వవిద్యాలయమున బోధించిన ఆంగ్లపండితుడు చేంబర్లేన్ 1912లోనే, ఇది క్రొత్తగ కల్పింపబడిన మతమని వ్రాసెను. ఆ సైన్యము, ఆ శాసనయంత్రము, ఆ నిర్బంధవిద్య యన్నియు పాశ్చాత్యుల నమూనాపై నిర్మింపబడినవి; వానికి పైన పాత పేరు పెట్టబడెను. 1916లో జపానును దర్శించిన మన రవీంద్రనాథ ఠాకూరు, పాశ్చాత్యుల జాతిగర్వమును అనుకరింపవలదని వారిని హెచ్చరించెను. ఆ మాట వారికి రుచింపలేదు.

ఫలితము లోకమునకు తెలిసినదే. కొరియా, చీనా మొదలగు దేశముల ప్రజలు ఆ సైన్యములవలన పడిన బాధలు వర్ణనాతీతములు. ప్రశ్నింపకుండ పెరిగిన బాలురు లక్షలకొలది యుద్ధములలో మడిసిరి. ఆంగ్లము శత్రుభాష యయ్యెను. 1943లో ఉమె స్థాపించిన విద్యాలయముయొక్క పేరులోనుండి “ఆంగ్ల” యను మాటయే తొలగింపబడెను. 1945లో దేశము బూడిదయై లొంగెను. 1946 జనవరి 1వ తేదిన చక్రవర్తి తాను దేవుడననుట మిథ్యయని ప్రకటించెను. 1948 జూనులో జపాను శాసనసభ ఆ విద్యాశాసనము చెల్లదని తీర్మానించెను.

7. మనము గ్రహింపదగినది

ఈ చరిత్రనుండి మేము గ్రహించిన దొక్కటి. యంత్రము వారిది, ఆత్మ మనది యని గీటు గీసినంతమాత్రమున తూకము నిలువదు. జపాను ఎక్కడ బాగుపడెనో, అక్కడ మనుష్యులు రెంటిని లెస్సగ నేర్చి, రెంటిని పరీక్షించిరి: ఫుకుజావా యట్టివాడు, ఉమె యట్టిది. ఎక్కడ చెడెనో, అక్కడ ఒకదానిని పరీక్షింపకుండ తలకెత్తుకొనిరి: నృత్యశాలలో పరుల వేషమును, పాఠశాలలో తమ పటమును. పరీక్షింపకుండ పరులదానిని పుచ్చుకొనుట యెంత ప్రమాదమో, పరీక్షింపకుండ మనదానిని పూజించుటయు అంత ప్రమాదము. వాస్తవమునకు రెండవది ఎక్కువ ప్రమాదము. ఏలయన, దానిని ప్రశ్నించువానిని ఇంటివారే ద్రోహి యందురు.

ఇక ఆ యవ్వ ప్రశ్న. మేమా మాటను మనసులోనుంచుకొని, కొన్ని వారముల పిమ్మట ఆ బాలికను పిలిచి, “నీ బహుమాన గ్రంథములోని విషయములను మీ నాయనమ్మకు తెలుగున చెప్పి రమ్ము” అంటిమి. మరునాడు ఆ బాలిక చిన్నవోయి వచ్చెను. పువ్వు భాగములన్నిటికి ఆమెకు ఆంగ్లమున పేర్లు వచ్చును. కాని తమ పెరటిలోని మొక్కలలో సగమునకు పేర్లు రావు. కొన్నాళ్లకు మేము వారి యింటికి వెళ్లినప్పుడు, అవ్వయు మనుమరాలును గట్టుప్రక్కన కూర్చుండియుండిరి. అవ్వ తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, నేలవేము అని ఒక్కొక్కదానిని చూపి పేరు చెప్పుచుండగా, పిల్ల వానిని వ్రాసికొనుచుండెను. పిల్ల ఆకుల యమరికను చూపి రెండు మొక్కలు ఒక కుటుంబమునకు చెందినవని చెప్పగా, అవ్వ వంగి చూచి, “నిజమే, నేనింతవఱకు చూడలేదే” యనెను. ఒక మొక్కతో చేయు మందునుగూర్చి అవ్వ చెప్పినదానిని పిల్ల ఒప్పుకొనలేదు. వారిద్దఱు వాదించుకొనుచుండగనే మేము సెలవు గైకొంటిమి.

ఆనాడు చెప్పలేని సమాధానమును ఇప్పుడు చెప్పుచున్నాము. అమ్మా, పిల్ల మీదిగానే మిగులునా యనునది మా చేతిలోనే లేదు. మేమిచ్చునది మేమిత్తుము, మీయొద్ద నున్నదానిని మీరు దాచక యీయవలెను. ఆమె ప్రశ్నించినప్పుడు మీరు కోపింపరాదు. మీరు చెప్పునప్పుడు ఆమె నవ్వరాదు. ఈ రెండును జరిగిన యింట పిల్ల ఎంత దూరము చదివినను పరాయిది కాదు.

విద్యార్థులారా, సెలవులలో మీరు చేయవలసిన పని యిది. మీ యింటి పెద్దవారి నడిగి, వారికి తెలిసి మీకు తెలియని యొక విషయమును వ్రాసికొని రండు: ఒక పనితనము గాని, మొక్క పేరు గాని, కొలత గాని. మీరు పాఠశాలలో నేర్చిన యొక విషయమును వారికి తెలుగున బోధపఱచి రండు. మూడవది కష్టమైనది: మీ యింటి యాచారములలో ఒకదానిని, మీరు పుస్తకములనుండి నేర్చిన యభిప్రాయములలో ఒకదానిని తీసికొని, రెండును న్యాయమైనవేనా యని భయములేకుండ విచారించి వ్రాయుడు. ఏది నిలుచునో చూతము.